ఒంటి తూటా రైఫిల్, ఇంట్లో నింపిన తూటా

ఒకసారికి ఒక్క తూటానే లోపల పెట్టుకుని, అది పేలాక ఖాళీ గుల్లను బయటికి తీసి, మరో తూటాను మళ్లీ చేత్తో అమర్చుకోవలసిన తుపాకిని సింగిల్ షాట్ రైఫిల్ అంటారు. తూటాలను ఒకదాని వెంట ఒకటిగా అందించే పెట్టె, అంటే మ్యాగజైన్, దీనికి ఉండదు. పెద్ద సైన్యాలు ఈ తరహా తుపాకిని పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే పక్కన పెట్టేశాయి. అయినా అమెరికాలో, ముఖ్యంగా మోంటానా, న్యూ మెక్సికో వంటి పడమటి రాష్ట్రాల్లో, సెలవు రోజున షూటింగ్ రేంజ్‌కు వెళితే, నూట యాభై ఏళ్ల నాటి నమూనా రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, తాము ఇంట్లో నింపుకొచ్చిన తూటాల డబ్బాలను పక్కన పేర్చుకుని, ఒక్కొక్క గుండూ ఎక్కడ తగిలిందో నోటుబుక్కులో రాసుకుంటున్న వారు కనిపిస్తారు. పాత వస్తువుల మీద మోజు ఇందులో కొంత ఉన్న మాట నిజమే. అయితే ఈ అలవాటు ఇన్నాళ్లు నిలవడానికి మరో బలమైన కారణం ఉంది: తుపాకి, గుల్ల, మందు, గుండు అనే నాలుగింటిలో మూడింటిని కదలకుండా ఉంచి నాలుగోదాన్ని మాత్రమే మార్చి చూసే వీలు ఇక్కడ ఉన్నంతగా మరో చోట లేదు. ఆ వీలును ఓపికగా వాడుకునేవారు మాత్రం తక్కువే.

మందూ గుండూ గొట్టం మొన నుంచి కూరే పద్ధతి పోయి, తూటాను వెనక నుంచి పెట్టే పద్ధతి వచ్చినప్పుడు తయారీదారులకు ఎదురైన చిక్కు ఒక్కటే. గొట్టం వెనక భాగం సులువుగా తెరుచుకోవాలి, తిరిగి మూసుకోవాలి, మూసుకున్నాక పేలుడు ఒత్తిడికి చెక్కుచెదరకూడదు. క్రిస్టియన్ షార్ప్స్ 1848లో పేటెంటు పొందిన తుపాకిలో ట్రిగ్గర్ కిందనున్న మీటను దించితే ఉక్కు దిమ్మ ఒకటి గాడిలో కిందికి జారి గొట్టం తెరుచుకుంటుంది, మీటను పైకి లాగితే దిమ్మ లేచి గొట్టం వెనక గోడలా నిలబడుతుంది. దిమ్మ కిందికి దిగుతుంది కనుక దీన్ని ఫాలింగ్ బ్లాక్ అన్నారు. రెమింగ్టన్ కంపెనీ రోలింగ్ బ్లాక్‌లో దిమ్మ ఇరుసు మీద వెనక్కి దొర్లుతుంది. అమెరికా సైన్యం 1873లో తీసుకున్న స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌లో అది పైకి లేచే చిన్న తలుపు, అందుకే దాన్ని ట్రాప్‌డోర్ అన్నారు. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న మార్టిని-హెన్రీ కూడా ఈ కుటుంబానిదే. భారతదేశంలోని సిపాయిలకు మాత్రం అది ఆలస్యంగా చేరింది, ఎందుకంటే 1857 తిరుగుబాటు తరవాత తెల్ల సైనికుల చేతిలో ఉన్నదానికంటే ఒక తరం పాతబడిన తుపాకినే నల్ల సైనికులకు ఇవ్వడం ప్రభుత్వ విధానమైంది.

ఈ రకం తుపాకుల్లో అన్నింటికంటే గట్టిదని పేరు పడినది యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లోని ఒక చిన్న దుకాణం నుంచి వచ్చింది. జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొందిన ఆ ఫాలింగ్ బ్లాక్ హక్కులను విన్‌చెస్టర్ కంపెనీ 1883లో 8,000 డాలర్లకు కొని, 1885 నమూనాగా విడుదల చేసింది. షార్ప్స్ కంపెనీ అప్పటికే, 1881లో, మూతపడింది. 1870లలో పడమటి మైదానాల్లో అడవి దున్నల మందలను దాదాపు తుడిచిపెట్టిన వేటగాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది షార్ప్స్ రైఫిలే. ఈ తుపాకిని ఇవాళ ముచ్చటగా చూసుకునేవారు ఆ చరిత్రను పొగడ్తలతో దాటేయకుండా ఉంటే మంచిది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ పద్ధతి దాదాపు మరుగున పడిన దశలో, 1967లో రూగర్ కంపెనీ నంబర్ 1 అనే ఫాలింగ్ బ్లాక్ రైఫిల్‌ను ఆధునిక ఉక్కుతో తయారుచేసి అమ్మకానికి పెట్టింది. పాత షార్ప్స్ నమూనాలను ఇప్పటికీ మోంటానాలోని బిగ్ టింబర్ అనే చిన్న ఊళ్లో తయారుచేస్తున్నారు.

గురి పోటీల్లో ఈ తుపాకుల సత్తా లోకానికి తెలిసిన రోజు 1874 సెప్టెంబరు 26. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో 800, 900, 1000 గజాల దూరాల్లో ఐర్లండ్ జట్టు మొన నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లతోనూ, అమెరికా జట్టు వెనక నుంచి నింపే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లతోనూ తలపడ్డాయి. అమెరికా 934 పాయింట్లు, ఐర్లండ్ 931 పాయింట్లు సాధించాయి. ఐర్లండ్ షూటర్లలో ఒకరు గుండును సరిగ్గా లక్ష్యం నడిబొడ్డునే తగిలించినా, అది పొరపాటున పక్కవారి లక్ష్యం కావడంతో లెక్కలోకి రాలేదు. నడిబొడ్డుకు 4 పాయింట్లు, ఓడిన తేడా 3 పాయింట్లు. కొత్త తుపాకి పాతదాన్ని చిత్తుగా ఓడించిందని ఆ తరవాత ప్రచారం ఎంత జరిగినా, అంకెలు మాత్రం ఆ మాట అనవు.

ఇక ఈ నాటి షూటర్‌కు ఈ తుపాకి ఇచ్చే లాభాలు రెండు. మ్యాగజైనూ, దాని మీదుగా ముందుకూ వెనక్కూ జరిగే బోల్టూ లేకపోవడం వల్ల తుపాకి నడుమ భాగం పొట్టిగా ఉంటుంది కనుక, మొత్తం పొడవు పెరగకుండానే గొట్టాన్ని సుమారు నాలుగు అంగుళాలు ఎక్కువ పెట్టుకోవచ్చు. రెండోది, తూటాలు నింపుకునేవారికి ఇంతకంటే ముఖ్యమైనది: తూటా పొడవుకు మ్యాగజైన్ పెట్టే హద్దు ఇక్కడ ఉండదు. రైఫిల్ గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు, వాటి నడుమ గట్లు ఉంటాయి. గుండు ఆ గట్లను కొరుక్కుంటూ వెళ్లి బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది కాబట్టే దారి తప్పదు. గుండు గుల్లలో లోతుగా కూర్చుంటే గట్లను అందుకునేలోపు కొంత ఖాళీ దూకాలి, ఆ దూకుడులో కాస్త వంకరగా గట్లలోకి దిగే ప్రమాదం ఉంది. ఒంటి తూటా రైఫిల్‌లో గుండును కావలసినంత బయటికి ఉంచి, గట్లకు వెంట్రుకవాసి దూరంలోనో, తాకేలానో అమర్చి, ఏది బాగా గురి ఇస్తుందో చూడవచ్చు.

తూటాను ఇంట్లో నింపుకోవడాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గుల్ల, దాని అడుగున కూర్చునే నిప్పురవ్వ బిళ్ల అయిన ప్రైమర్, మందు, గుండు. పేలుడుతో ప్రైమరూ, మందూ, గుండూ ఖర్చయిపోయినా, ఖరీదైన గుల్ల చేతిలో మిగులుతుంది. ఆ గుల్లను తిరిగి వాడటమే ఈ విద్యకు మూలం. ఇందులో ఒక తమాషా ఉంది. అమెరికావాడైన హైరమ్ బెర్డన్ రూపొందించిన ప్రైమర్ ఐరోపా అంతా వ్యాపించింది, ఇంగ్లండు సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించిన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. బాక్సర్ పద్ధతి గుల్లలో నిప్పు వెళ్లే రంధ్రం సరిగ్గా నడుమ ఒక్కటే ఉంటుంది కనుక, సన్నని ఉక్కు కడ్డీతో పై నుంచి పొడిస్తే వాడిన ప్రైమర్ ఊడిపోతుంది. బెర్డన్ గుల్లలో రంధ్రాలు పక్కలకు ఉండటంతో ఆ పని అంత సులువు కాదు. అమెరికాలో ఇళ్ల షెడ్లలో హ్యాండ్‌లోడింగ్ ఇంతగా పాతుకుపోవడానికి ఆ నడి రంధ్రం చేసిన మేలు చిన్నది కాదు.

గుల్లను 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడితో చేయడానికి కారణం ఆ లోహం గుణమే. మందు అంటుకున్న క్షణంలో గుల్ల ఉబ్బి, గొట్టం వెనక తూటా కూర్చునే అర గోడలకు అతుక్కుని, వేడి వాయువు వెనక్కి రాకుండా ముద్ర వేసినట్టు అడ్డుకుంటుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని వేలితో లాగితే వచ్చేంత వదులవుతుంది. అయితే పూర్వపు కొలతకు రాదు. అందుకని ప్రెస్ అనే మీట యంత్రంలో బిగించిన డై లోకి, అంటే ఉక్కు అచ్చులోకి, గుల్లను నొక్కి తిరిగి కొలతకు తెస్తారు. ఒకే తుపాకిలో వాడేట్టయితే గుల్ల మొత్తాన్ని కాకుండా గుండును పట్టుకునే మెడ భాగాన్ని మాత్రమే నొక్కి ఊరుకునేవారు కూడా ఉన్నారు. గుల్ల ఆ తుపాకి అర ఆకారానికి ముందే సరిపడి ఉంటుంది కనుక గుండు తిన్నగా కూర్చుంటుందని వారి వాదన. పదే పదే సాగి ముడుచుకున్న ఇత్తడి గట్టిపడి మెడ దగ్గర పగులు తీస్తుంది కాబట్టి, కొన్నిసార్లు వాడాక మెడను వేడి చేసి మెత్తబరచవలసి వస్తుంది.

మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు, ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. పంతొమ్మిదో శతాబ్దపు తూటాల పేర్లలోనే ఈ లెక్క ఉంది: .45-70 అంటే 0.45 అంగుళాల గుండు, 70 గ్రెయిన్ల మందు. ఆ కాలపు మందు సూరేకారం, బొగ్గుపొడి, గంధకం కలిపిన నల్లటి తుపాకి మందే. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ రూపొందించిన పొగరాని మందు నైట్రోసెల్యులోజ్ నుంచి తయారవుతుంది, అదే బరువుకు దాని బలం చాలా ఎక్కువ. ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. నల్ల మందుతో పాత గుల్ల నిండా నింపినా తుపాకి తట్టుకునేలా ఆనాడే లెక్క చూసి చేశారు. నిజానికి మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఉండకూడదనేదే అక్కడి నియమం. పొగరాని మందు అదే గుల్లలో సగం కంటే తక్కువ చోటే తీసుకోవచ్చు కనుక, పరధ్యానంగా ఒకే గుల్లలో రెండుసార్లు పోసినా పైకి తెలియదు, తెలిసేది తుపాకి పగిలినప్పుడే. అందుకే నింపే బల్ల దగ్గర మాటలూ, టీవీ వద్దంటారు, గుళ్లు పెట్టేముందు గుల్లలన్నింటినీ దీపం కింద వరుసగా నిలబెట్టి మందు మట్టం చూస్తారు.

ఒకే తూటాకు మూడు వేరు వేరు పట్టికలు ఉండటం .45-70 విషయంలో కొత్తవారిని తికమక పెట్టే సంగతి. ట్రాప్‌డోర్ వంటి పాత తుపాకుల బలహీనతను దృష్టిలో పెట్టుకుని అమెరికా తయారీదారుల సంఘం దీని గరిష్ఠ ఒత్తిడిని చదరపు అంగుళానికి 28,000 పౌన్లుగా నిర్ణయించింది. ఆధునిక .308 విన్‌చెస్టర్ తూటాకు ఆ హద్దు 62,000 పౌన్లు. నింపుడు పుస్తకాలు మాత్రం .45-70కి మొదటి పట్టిక ట్రాప్‌డోర్‌కు, రెండోది మీటతో తిప్పే గట్టి మ్యాగజైన్ రైఫిళ్లకు, మూడోది రూగర్ నంబర్ 1 వంటి ఆధునిక ఒంటి తూటా రైఫిళ్లకు అని విడదీసి ఇస్తాయి. మూడో పట్టిక చూసి నింపిన తూటా పైకి మొదటి పట్టిక తూటాలాగే ఉంటుంది, ముత్తాత నాటి ట్రాప్‌డోర్‌లో అమరుతుంది కూడా. దాన్ని అందులో పేల్చడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కనుక డబ్బా మీద చీటీ లేని తూటాను, అది తన చేతి తూటాయే అయినా, జాగ్రత్త తెలిసినవాడు వాడడు.

గుండును కూడా ఇంట్లో పోసుకునేవారున్నారు. 20 పాళ్లు సీసానికి ఒక పాలు తగరం కలిపి కరిగించి అచ్చులో పోస్తారు, గుండు చుట్టూ ఉన్న గాడుల్లో తేనెమైనం, కొవ్వు కలిపిన కందెన పూస్తారు. కందెన లేకపోతే మెత్తటి సీసం గొట్టం గోడలకు అంటుకుపోతుంది, నల్ల మందు మసి రాయిలా గట్టిపడుతుంది. భారతీయ పాఠకులకు ఈ కందెన కథ కొత్త కాదు. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కాగితపు తూటాలకు పూసిన కందెనలో ఆవు కొవ్వు, పంది కొవ్వు ఉన్నాయన్న మాట 1857లో సిపాయిల్లో రగిలించిన నిప్పు తెలిసిందే. తూటాను పళ్లతో చింపవలసి రావడం ఆ కోపాన్ని మరీ పెంచింది.

రేంజ్‌లో రోజు మొదలయ్యేది క్రమశిక్షణతో. కాల్పుల వరుస వెనక రంగు గీత ఉంటుంది; నిర్వాహకుడు కాల్పులు ఆపమనగానే అందరూ తుపాకులు తెరిచి, ఖాళీ చేసి, బల్లల మీద వదిలి గీత వెనక్కి వస్తారు, ఎవరూ తుపాకిని తాకడం లేదని చూశాకే లక్ష్యపు కాగితాలు మార్చడానికి ముందుకు వెళతారు. తుపాకి మోత 140 డెసిబెళ్లు దాటుతుంది కనుక చెవులకు రక్షణ, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఒంటి తూటా రైఫిల్‌కు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది: దిమ్మ దించి ఉంటే లోపల ఏమీ లేదని పక్క బల్లవారికి కూడా కంటికి కనిపిస్తుంది.

పరీక్ష సాధారణంగా 100 గజాల దూరంలో, కాంక్రీటు బల్ల మీద ముందొక ఇసుక సంచి, వెనకొక ఇసుక సంచి పెట్టుకుని సాగుతుంది. తుడిచిన గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు తరచుగా మిగతావాటికి దూరంగా పడుతుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోరు. తరవాత ఒకే రకం తూటాలు ఐదు కాల్చి, పడిన రంధ్రాల్లో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న రెండింటి నడుమ దూరం కొలుస్తారు. దాన్నే గ్రూప్ అంటారు. దూరాన్ని బట్టి ఈ కొలత మారుతుంది కాబట్టి కోణంలో చెప్పడం ఆనవాయితీ. డిగ్రీలో అరవయ్యో వంతును మినిట్ ఆఫ్ యాంగిల్ అంటారు, అది 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. పక్కన పెట్టిన క్రోనోగ్రాఫ్ అనే పరికరం ప్రతి గుండు వేగాన్నీ సెకనుకు ఇన్ని అడుగులని చూపుతుంది. ఐదు తూటాల వేగాల్లో ఉన్న తేడా 100 గజాల కాగితం మీద కనిపించకపోవచ్చు గాని, 1000 గజాల దగ్గర అదే తేడా అడుగుల్లో తేలుతుంది.

నల్ల మందు కాల్చేవారి బల్ల దగ్గర మరో దృశ్యం ఉంటుంది. ఒక్కో గుండు తరవాత దిమ్మ దించి, ఖాళీ గుల్లకు రబ్బరు గొట్టం తగిలించి చేసుకున్న ఊదుడు గొట్టాన్ని వెనక నుంచి అమర్చి, నిదానంగా కొన్నిసార్లు ఊపిరి ఊదుతారు. ఊపిరిలోని తేమకు గొట్టంలోని మసి మెత్తబడి తరవాతి గుండుకు దారి ఒకేలా ఉంటుంది. ఎండ మండే రోజున ఎక్కువ ఊదాలి, ముసురు పట్టిన రోజున తక్కువ చాలు. ఆ లెక్క తప్పితే మంచి తూటా కూడా చెడ్డదన్న పేరు తెచ్చుకుంటుంది. న్యూ మెక్సికోలోని రాటన్ పట్టణం దగ్గర జరిగే నల్ల మందు పోటీల్లో 200 మీటర్ల దగ్గర ఇనుప కోళ్లను నిలబడి, 300 మీటర్ల పందులను, 385 మీటర్ల టర్కీ కోళ్లను, 500 మీటర్ల పొట్టేళ్లను నేల మీద నుంచి పడగొట్టేవారు ఊపిరి లెక్కను మందు తూకంతో సమానంగా చూస్తారు.

తూటాను తప్పుపట్టే ముందు తుపాకినీ చూడాలి. ఒంటి తూటా రైఫిల్‌లో కర్ర రెండు ముక్కలు: భుజానికి ఆనే వెనక కర్ర, గొట్టం కింద ఉండే ముందు కర్ర. రూగర్ నంబర్ 1లో ముందు కర్రను నడుమ భాగం నుంచి ముందుకు చాచిన ఉక్కు పట్టీకి మరతో బిగిస్తారు. ఆ కర్ర గొట్టాన్ని ఎంత ఒత్తుతోందన్నది ఎండకూ వానకూ, మర బిగువుకూ, ఇసుక సంచి కర్ర మొన కింద ఉందా మొదలు కింద ఉందా అన్నదానికీ మారుతుంటుంది. గొట్టం వేడెక్కే కొద్దీ గుళ్లు ఒక పక్కకు పాకుతూ పోతే తప్పు మందుది కాకపోవచ్చు. ఈ రైఫిల్ వాడేవారు సంచిని ఎప్పుడూ ఒకే చోట, నడుమ భాగానికి దగ్గరగా పెట్టి కాల్చడం అందుకే.

రోజు చివర అసలైన తగువు లెక్కల దగ్గర వస్తుంది. ఆరు రకాల తూటాలు నింపి, ఒక్కో రకానికి ఐదేసి గుళ్లు కాల్చి, అన్నింటికంటే చిన్న గ్రూప్ ఇచ్చినదే ఉత్తమమని నిర్ణయించుకుని ఇంటికి వెళ్లేవారే ఎక్కువ. కానీ ఏ తేడా లేని ఒకే రకం తూటాలతో పది గ్రూపులు కాల్చినా, అన్నింటికంటే చిన్నదానికీ పెద్దదానికీ ఇంచుమించు రెట్టింపు తేడా రావడం మామూలే. మూడేసి గుళ్ల గ్రూపుల్లో అది ఇంకా ఎక్కువ. అంటే ఆరు రకాల్లో గెలిచినది యోగ్యతతో గెలిచిందో, అదృష్టంతో గెలిచిందో ఆ ఒక్క కాగితం చెప్పలేదు. మసాచుసెట్స్‌కు చెందిన ఫ్రాంక్లిన్ మాన్ ఈ సంగతిని వందేళ్ల కిందటే గట్టిగా పట్టుకున్నాడు. వైద్యం చదువుకున్న ఆయన సొంత స్థలంలో రేంజ్ కట్టి, గొట్టాలను కాంక్రీటు దిమ్మ మీద బిగించి మనిషి చేతి ప్రమేయం తీసేసి, ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలను 1909లో పుస్తకంగా అచ్చు వేశాడు. అందులో విఫలమైన ప్రయోగాలకు కూడా చోటివ్వడం ఆ పుస్తకం విలువను పెంచింది. చిన్న గ్రూప్ ఫొటో తీసి దాచుకుని, పెద్ద గ్రూపును గాలి మీదికి నెట్టేసే నేటి అలవాటుకు అది సరైన జవాబు. గెలిచిన రెండు రకాలనే మళ్లీ నింపి, మరో రోజు, కలగలిపిన వరుసలో కాల్చి చూసేవాడికి గాని నిజం తెలియదు.

ఒత్తిడి గురించి కూడా ఇలాంటి నమ్మకమే ఒకటి ఉంది. పేలిన ప్రైమర్ చదునుగా అణిగిపోతేనో, గుల్ల అరలో బిగుసుకుపోతేనో ఒత్తిడి ఎక్కువైందని గుర్తు. అది నిజమే గాని, ఆ గుర్తు కనిపించేసరికి చాలా తూటాల్లో హద్దు దాటిపోయి ఉంటుంది. పాత తుపాకుల్లో అయితే ప్రైమర్ ఏ ఫిర్యాదూ చేయకముందే ఉక్కు అలసిపోవచ్చు. కనుక పుస్తకం చెప్పిన కనిష్ఠం నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, మంచి గురి దొరికిన చోట ఆగిపోవడమే పద్ధతి. ఇంటికి వెళ్లేముందు సీసం అంటిన చేతులు కడుక్కోవడం, నల్ల మందు వాడిన గుల్లలను ఆ సాయంత్రమే సబ్బు నీళ్లలో వేయడం ఈ పనిలో భాగమే.

అమెరికా కేంద్ర చట్టం సొంత వాడకానికి తూటాలు నింపుకునేవారిని లైసెన్సు అడగదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం, కనుక ఈ విద్య ఇక్కడి ఇళ్లలోకి రాలేదు. ఒంటి తూటా రైఫిల్ మాత్రం తెలుగువారికి దూరమైనది కాదు. హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పాల్గొన్న 50 మీటర్ల రైఫిల్ పోటీల్లోనూ ఒకసారికి ఒక్క తూటానే పెట్టాలి. ఆ .22 తూటాకు నిప్పురవ్వ మసాలా గుల్ల అడుగు అంచు లోపలే ఉండటంతో దాన్ని మళ్లీ నింపడానికి కుదరదు. అందుకే పెద్ద పోటీలకు వెళ్లేవారు తూటా ఫ్యాక్టరీల పరీక్షాగృహాలకు తమ రైఫిల్‌ను తీసుకువెళ్లి, దాన్ని బిగించి, ఒకే పేరుతో ఒకే యంత్రాల మీద వేరు వేరు దఫాలుగా తయారైన తూటాలను వరుసగా కాల్చి, తమ గొట్టానికి నప్పిన దఫా నుంచి ఏడాదికి సరిపడా పెట్టెలు కొనుక్కుంటారు. ఒక రైఫిల్‌కు నప్పిన దఫా పక్కనున్న అదే కంపెనీ రైఫిల్‌కు నప్పకపోవడం అక్కడ రోజూ చూసేదే.